మోటారు బండిని విప్పిన యువకుడు

భద్రాచలం రోడ్డు అను పేరు గల రైలు స్టేషను భద్రాచలమున లేదు, కొత్తగూడెమున నున్నది. అచ్చట రైలు దిగిన యాత్రికునకును రామునికిని నడుమ ఇంకను 40 కిలోమీటర్ల దారి యుండును. పాల్వంచ దాటిన పిమ్మట టేకు, మద్ది, ఇప్ప చెట్ల నడుమ సాగు ఆ దారిన ఒకప్పుడు జనులు బండ్లు కట్టుకొని గుంపులు గుంపులుగా పోయెడివారు. గోదావరిపై వంతెన 1965లో తెరవబడు వరకు నదిని పడవల మీదనే దాటవలసి యుండెను. దారిలో ఏరు మాత్రమే కాదు, ప్రభుత్వము కూడ మారుచుండెను. ఖమ్మము నిజాము సీమలోనిది. భద్రాచలము మదరాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లాకు చెందినది. ఆ రెండును ఒక్క జిల్లా క్రిందికి వచ్చినది 1959లో మాత్రమే.

ఇట్టి అడవి యంచు ఊళ్లకు రైలు చేయజాలని మేలు బస్సు చేసినది. నిజాము రైల్వేవారు తమ రోడ్డు రవాణా శాఖను 1932లో 27 బస్సులతో ప్రారంభించిరి. సంస్థానపు ధనాగారము, రైల్వే యాజమాన్యము, కర్మాగారములు వారి వెనుక నుండెను. అంతకు 12 ఏండ్లు ముందుగా, మదరాసు రాజధానిలోనే దక్షిణపు దిక్కున, ఆనమల అడవుల యంచున మరియొక యాత్రామార్గమున ఒక తెలుగువాడు ఒకే యొక్క బస్సును సంపాదించి, తానే తోలుచు, తానే బాగుచేసికొనుచు రవాణా వ్యాపారమున ప్రవేశించెను. ఆయన చదువు ప్రాథమిక పాఠశాలతో ముగిసినది. ఆయన అసలు చదువు ఒక మోటారు సైకిలుతో మొదలైనది. ఆయనయే కోయంబత్తూరు జి.డి. నాయుడు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున జన్మించెను. విజయనగర ప్రభువుల నాటినుండియు, తరువాత నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలిపోయి కొంగునాటి నల్లరేగడి భూములలో స్థిరపడిన తెలుగు సేద్యగాండ్ర కుటుంబములు అచ్చట పెక్కు కలవు. ఇంట తెలుగు, వీధిలో తమిళము వారి వాడుక. నాయుడు తండ్రి గోపాలస్వామి నాయుడు అట్టి వ్యవసాయదారుడు. తల్లి, బిడ్డ పుట్టిన కొలది కాలమునకే కన్నుమూసెను.

బడి యనిన ఆ బాలునకు గిట్టలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లుటయు, అందుకు శిక్షలు పొందుటయు అతని బడిజీవితములో మిగిలిన ముఖ్య విశేషము. గొప్పవారి కథలు వ్రాయువారు కొందరు ఇట్టి అల్లరిని గూడ ప్రతిభకు గుర్తుగా చూపుదురు. అది సరికాదు. ఇసుక చల్లిన పిల్లలందరును యంత్రనిర్మాతలు కాలేదు. ఆ ఇసుక కన్నులలో పడిన ఉపాధ్యాయుని కష్టమును ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. అయినను ఒక మాట నిజము. నాటి పల్లెబడిలో నోటికి పని యుండెను, చేతికి లేదు. వల్లెవేయుట చదువుగా నుండినచోట, వస్తువును తాకి చూడగోరు బాలునకు ఇసుక తప్ప వేరొకటి చేత దొరకలేదు కాబోలు.

ఇరువది యేండ్లకు కొంచెము అటునిటుగా వయస్సుండగా అతడొక వస్తువును చూచెను. అది ఒక ఆంగ్లేయుడైన రెవెన్యూ ఉద్యోగి యెక్కి తిరుగు 1912 నాటి రడ్జ్ మోటారు సైకిలు. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కవలసిన పని లేదు. అయినను బండి పరుగిడుచున్నది. ఊరివారందరును దానిని చూచియుందురు. ఆశ్చర్యపడి, దుమ్ము దులుపుకొని, తమ పనులకు పోయియుందురు. ఈ యువకునకు మాత్రము అది ఎట్లు పరుగిడుచున్నదో తెలిసికొనక నిలువలేని స్థితి కలిగినది.

ఆ బండి ఆ కాలమున ఎంత క్రొత్తదో నేటి విద్యార్థులకు ఊహకందుట కష్టము. ఇంగ్లండు దేశమున కోవెంట్రీ నగరములో సైకిళ్లు చేయుచుండిన రడ్జ్ కంపెనీ 1911లో మోటారు సైకిళ్లను అమ్మకమునకు తెచ్చినది. రెండు మూడేండ్లలోనే దాని పేరు పందెపు మైదానములకెక్కినది. 1914లో మాన్ ద్వీపమున జరిగిన సీనియర్ టి.టి. పందెమును సిరిల్ పుల్లిన్ అను యువకుడు రడ్జ్ బండి మీదనే గెలిచెను. తరువాతి కాలమున మోటారు సైకిళ్ల పందెమే ఒక వినోద పరిశ్రమగా మారినది. 1923లో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్లండు పట్టణమున దీపముల వెలుగులో గుండ్రని మట్టిబాట మీద జరిగిన పందెములు అందుకు దారితీసినవి. 1928 ఫిబ్రవరిలో లండను చెంత ఎప్పింగ్ అడవిలోని హై బీచ్ అను చోట జరిగిన పందెమునకు నిర్వాహకులు తలచిన దానికి ఎన్నియో రెట్లు జనులు వచ్చి పడిరి. స్పీడ్‌వే అనబడు ఆ క్రీడలో బండ్లకు బ్రేకులుండవు. మలుపు వచ్చినప్పుడు వెనుక చక్రమును ప్రక్కకు జారవిడిచి, ఎడమకాలు నేలకానించి, మట్టిని వెదజల్లుచు తిరుగవలెను. 1930 ప్రాంతమున ఆ బాటలపై రడ్జ్ ఇంజనులకు గొప్ప గిరాకి యుండెను. ఇరువది యేండ్ల యువకులు వాటిపై నెక్కి కాళ్లు చేతులు విరుగగొట్టుకొనుచు కీర్తిని గడించిరి. కొందరు ప్రాణములే పోగొట్టుకొనిరి.

కలంగల్ యువకునకు పందెములు తెలియవు. అతని సాహసము వేరొక తీరుగా నడచినది. అతడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరెను. మూడేండ్లు ఆ పని చేసెను. భూమి కలిగిన కాపు ఇంటి బిడ్డ పరులకు వడ్డించి, ఎంగిలి విస్తళ్ల నడుమ తిరుగుట ఆ కాలపు పల్లె మర్యాదలకు చిన్న సంగతి కాదు. ఈ కథ చెప్పువారు చాలమంది ఈ మూడేండ్లను ఒక్క వాక్యములో దాటిపోవుదురు. మోటారు సైకిలు కొనుటను మాత్రము విస్తరించి చెప్పుదురు. కాని అసలు పట్టుదల యున్నది ఈ మూడేండ్లలోనే. అతడు కూడబెట్టిన సొమ్ము మూడు నాలుగు వందల రూపాయలు. అనగా 36 నెలలలో నెలకు 8 మొదలు 11 రూపాయల వరకు మిగిల్చియుండవలెను. నాటి హోటలు పనివాని ఆదాయములో అంత మిగులవలెనన్న తిండి తప్ప మరి దేనికిని చేయి చాపరాదు. మొదటి నెల కుతూహలము రెండవ నెలకు చల్లారుట యువకుల స్వభావము. ఇతనిది 36వ నెల వరకు చల్లారలేదు.

ఆ సొమ్ముతో అతడు మోటారు సైకిలు కొనెను. కొన్నవాడు ఎక్కి ఊరంతయు తిరిగివచ్చిన ఎవరును తప్పుపట్టరు. అతడు వెంటనే దానిని విప్పివేసెను.

ఆ కాలపు రడ్జ్ బండిని విప్పినవానికి ఏమి కనబడునో ఇచ్చట కొంచెము చెప్పుట అవసరము. బండి నడుమ నిలువుగా ఒకే సిలిండరు. దాని లోపల పైకి క్రిందికి ఆడు పిస్టను. రైలు ఇంజనునకు నిప్పు ఒకచోట, పని మరియొక చోట. దీనికి నిప్పు పని చేయుచోటనే పుట్టును. పిస్టను మొదటి దిగుడులో పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోనికి పీల్చును. తరువాతి ఎక్కుడులో దానిని అదిమివేయును. మాగ్నెటో పుట్టించిన మెరుపు తగిలి ఆ గాలి భగ్గున మండగా పిస్టను రెండవసారి క్రిందికి త్రోయబడును. మరల పైకి వచ్చునపుడు కాలిన పొగను వెడలగొట్టును. ఈ నాలుగు కదలికలలో బండిని నడుపునది ఒక్కటే. తక్కిన మూడింటిని బరువైన చక్రము తన వేగముతో ఈడ్చుకొనిపోవును. అచ్చటినుండి ఒక పట్టీ వెనుక చక్రమును త్రిప్పును.

ఇందులో కంటికి కనబడని లెక్క యొకటి కలదు. ఇరుసు రెండు చుట్లు తిరిగినప్పుడు గాలిని లోనికి విడుచు వాల్వు ఒక్కసారి మాత్రమే తెరచుకొనవలెను. అందుచేత ఇరుసుపై నున్న పళ్లచక్రమునకు ఎన్ని పళ్లుండునో, వాల్వును త్రోయు చక్రమునకు సరిగా అందుకు రెట్టింపు పళ్లుండును. ఈ రెండు చక్రముల పళ్లను వ్రేలితో లెక్కించినవానికి నిష్పత్తి యనగా నేమో మరల ఎవరును చెప్పనక్కరలేదు. బండిని తిరిగి కూర్చునప్పుడు ఆ పళ్లు ఒకదానికొకటి విడువరాని స్థానములో కలియవలెను. ఒక్క పన్ను తప్పినను వాల్వు అకాలమున తెరచుకొనును. మెరుపు వచ్చు వేళకు లోపల గాలి యుండదు. బండి ఎంత త్రోసినను కదలదు.

మూడేండ్ల వడ్డనకూలి అంతయు మరలు, స్ప్రింగులు, చక్రములుగా విడివడి నేలమీద పడియున్నది. దగ్గర చెప్పువాడు లేడు. కంపెనీ ఆంగ్లభాషలో పుస్తకమేదైన ఇచ్చినను చదువుకొను చదువు లేదు. తిరిగి అమర్చలేకపోయిన, ఆ ముక్కలను తూకమునకు అమ్ముకొనవలసినదే. పందెపు బాటపై బ్రేకు లేని బండి తోలుటకు ఎంత గుండె కావలెనో, తన సర్వస్వమును ఇట్లు విప్పి పరచుటకును ఇంచుమించు అంత గుండె కావలెను. అతడు దానిని మరల కూర్చెను. ఆ పనితో అతడు మోటారు మెకానిక్కు అయ్యెను. పల్లెబడి ఇయ్యలేని చదువు అతనికి అక్కడ లభించినది; దాని రుసుమును అతడు ముందే చెల్లించియుండెను.

తరువాతి కొన్ని యేండ్లు అతనికి తిన్నగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పత్తికి మంచి ధర యుండగా తిరుప్పూరులో దూది గింజ తీయు వ్యాపారమున దిగి లాభము పొందెను. ఆ లాభముతో బొంబాయి పత్తిబజారునకు పోయి, అచ్చటి పెద్ద వ్యాపారుల నడుమ దానిని పోగొట్టుకొని తిరిగివచ్చెను. బజారు విప్పి చూచుటకు వీలైన యంత్రము కాదు.

ఈ పరాజయము తరువాత అతడు తనకు తెలిసిన వస్తువు కడకే మరలెను. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయుడుండెను. కాఫీ వ్యాపారముతో మొదలుపెట్టి, ఆ నగరమున నూలుమిల్లు స్థాపించి, దాని పారిశ్రామిక జీవితమునకు పునాది వేసినవారిలో ఆయన యొకడు. వయసు మళ్లిన ఆ వర్తకుడు ఆస్తిపాస్తులు లేని ఈ యువకుని చేతిపనిని నమ్మి, బస్సు కొనుటకు అప్పు రూపమున సాయము చేసెను. 1920లో నాయుడు పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ ఆ బస్సును నడుపసాగెను. మొదట తోలినవాడును తానే.

ఆ మార్గమును ఎన్నుకొనుటలోనే అతని బుద్ధి తెలియుచున్నది. పొల్లాచ్చి ఆనమల కొండల పాదమున నున్న పెద్ద సంతల ఊరు. పళని కుమారస్వామి వెలసిన కొండ. భద్రాద్రి తెలుగువారికెట్లో పళని తమిళులకట్లు. ఒక ప్రక్క సరకు, మరియొక ప్రక్క దేవుడు. ఏడాది పొడుగున రాకపోకలు. పొల్లాచ్చి వరకు 1915లో రైలు వచ్చినది గాని, అచ్చటినుండి పళని మీదుగా దిండుక్కల్లునకు లైను పడినది 1928లో. అనగా బస్సు ప్రారంభమైన నాటికి ఆ దారిన ఎడ్లబండికి ఎదురు లేదు. ఆ ఎడమును అతడు కనిపెట్టెను.

నాటి బస్సులో ప్రయాణము నేటివంటిది కాదు. కంకర రోడ్డు మీద చక్రము పగులుట, ఇంజను వేడెక్కుట, పెట్రోలు గొట్టములో నలక యడ్డుట నిత్యకృత్యములు. అడవిదారిలో బండి ఆగిన, తోలువానికి ఇంజను తెలియనిచో ప్రయాణికులు ఆ రాత్రి అచ్చటనే గడుపవలెను. చెప్పిన వేళకు బస్సు వచ్చునను నమ్మకము కలిగించినవానికే ఆ వ్యాపారమున నిలకడ. ఆ నమ్మకమునకు మూలము హోటలు కూలితో కొన్న మోటారు సైకిలు. కొలది యేండ్లలో ఒక్క బస్సు పెక్కు బస్సులైనవి. యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పేర నడచిన ఆయన సంస్థ దేశమునందలి మిక్కిలి చక్కగా నడచు రవాణా సంస్థలలో ఒకటిగా పేరు పొందెను.

అటుపిమ్మటి చరిత్ర లోకవిదితమే గనుక సంగ్రహముగా చెప్పిన చాలును. ఆయన పెక్కు విదేశములు తిరిగెను. పొడి బ్యాటరీలతో నడచు చిన్న మోటారు గల క్షురయంత్రమును రూపొందించి, రసాంట్ అను పేర జర్మనీలో తయారు చేయించెను. 1937లో డి. బాలసుందరం నాయుడు తోడ్పాటుతో కోయంబత్తూరు పీలమేడులోని ఆయన కర్మాగారమునుండి భారతదేశపు మొదటి విద్యుత్ మోటారు వెలువడెను. తరువాత ఆ నగరము మోటార్లకును పంపులకును నెలవైనది. పలుచని బ్లేడులు, కిరసనాయిలుతో తిరుగు విసనకఱ్ఱ, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు వీలులేని ఓట్ల యంత్రము ఆయన చేసిన వస్తువులలో కొన్ని. ఓట్ల యంత్రము చేసిన ఆయన 1936లో శాసనసభ ఎన్నికలలో నిలిచి ఓడిపోయెను. 1952లో ఇద్దరు కూర్చుండు చిన్న కారును 2,000 రూపాయలకు ఇయ్యగల విధమున తయారుచేయగా ప్రభుత్వము నిర్మాణానుమతి నీయలేదు. ఆయన 1974 జనవరి 4వ తేదీన మరణించెను.

ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ఘట్టము ఒకటి ఆయన నడివయసున కలదు. ఇసుక చల్లిన ఆ బాలుడు ఏబదవ యేట విద్యాసంస్థను స్థాపింప పూనుకొనెను. ఆయన ఇచ్చిన విరాళములతో, ఆయన ఆవరణముననే, అప్పటి మదరాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, 1945లో ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడినవి. నాయుడు ప్రిన్సిపాలుగా నుండెను. మూడవ తరగతితోనో నాలుగవ తరగతితోనో బడికి నమస్కారము పెట్టినవాడు ఇంజనీరింగు కళాశాలకు అధిపతి యగుట మన విద్యాచరిత్రలో అరుదైన సంగతి.

ఆ పదవి ఎక్కువ కాలము నిలువలేదు. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అనవసరమనియు, పనిచేయుచు నేర్చినచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించెను. ప్రభుత్వము అందుకు ఒప్పలేదు. ఆయన రాజీనామా ఇచ్చి వెడలిపోయెను. ఇందులో న్యాయము ఒకరి ప్రక్కనే యున్నదనుట కష్టము. వంతెన కట్టువానికి గణితము నెమ్మదిగా ఒంటపట్టవలెను; దానిని విప్పి చూచి నేర్చుకొనుటకు వీలులేదు. కూలిన వంతెనను మరల కూర్చవచ్చును గాని, దానిమీద నున్నవారిని కాదు. నాయుడు తన బుద్ధిని అందరి బుద్ధికిని కొలతగా పెట్టుకొనెనని కూడ చెప్పవచ్చును. మోటారు సైకిలును ఒంటరిగా కూర్చగలవారు తరగతికి ఎందరుందురు? అయితే ఆయన ఆరోపణకు ప్రభుత్వము వద్ద సమాధానమును లేదు. నాలుగేండ్లు యంత్రముల గూర్చి చదివి, మర బిగించుట ఎరుగని పట్టభద్రుడు బయటికి వచ్చుచుండుట ఆయన కల్పించిన మాట కాదు. ఆ విద్యార్థి కడకు యంత్రము వచ్చునప్పటికి అతని కుతూహలము చల్లారిపోయియుండును. 36 నెలలు కుతూహలమును కాపాడుకొనుటకు ఎంత కష్టమో నాయుడునకు తెలిసినంతగా ఆ కాగితములపై సంతకము చేసిన అధికారులకు తెలియదు.

కళాశాల తరువాత అచ్చటినుండి తరలిపోయినది. అదియే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల, చదువు నాలుగేండ్లే. పీలమేడు దారిలో ఆ పాత ఆవరణమునొద్ద బస్సులాగు చోటికి మాత్రము హోప్ కాలేజి అను పేరు నిలిచిపోయినది. కళాశాల లేకపోయినను కండక్టర్లు ఆ పేరే పిలుచుచున్నారు.